‘ఆమోదించు’ బటనుకు అష్టాదశ వర్ణనలు

తన పుస్తకాన్ని తానే తిరస్కరించుకున్న సంపాదకురాలిగా ఎస్తేరు రాణి పేరు ఒక మంగళవారం మధ్యాహ్నం భోజనాల వేళకి పరిషత్తు అంతా పాకిపోయింది.

పరిషత్తు అంటే రాష్ట్ర సమ్మిళిత గ్రంథ ప్రచురణల పరిషత్తు. బడిపిల్లలకు మామూలు పాఠ్యపుస్తకాలు, చూపులేని పిల్లలకు బ్రెయిలీ పాఠ్యపుస్తకాలు వేయించడం దాని పని. ప్రధాన కార్యాలయం విజయవాడలో ఉంటుంది, లెక్కల విభాగం గుంటూరులో ఉంటుంది, బ్రెయిలీ విభాగమూ ముద్రణాలయమూ రాజమండ్రిలో ఉంటాయి. ఇలా మూడు ముక్కలుగా ఎందుకుందంటే, మూడు ప్రభుత్వాలు వరసగా దాన్ని బలోపేతం చేశాయి.

రాణి బ్రెయిలీ విభాగానికి సంపాదకురాలు. పుట్టుకతోనే చూపు లేదు. ఏలూరు ఆడపడుచు, నలభై దాటిన మనిషి, మాట చురుకు. మామూలుగా అందరితో సరదాగా ఉంటుంది. కోపం వచ్చినప్పుడు మాత్రం మహా మర్యాదగా మాట్లాడుతుంది. అందుకని ఆవిడ గొంతులో ‘అండి’లు ఎక్కువయ్యాయంటే ముద్రణాలయంలో వాళ్లు మెల్లగా టీ తాగడానికి బయటికి వెళ్లిపోతారు.

మూడు ఊళ్లవాళ్లూ కలిసి పనిచేసుకోవడానికి పరిషత్తు ఒక కంపెనీ చేత ‘కలివిడి’ అనే ఆన్‌లైన్ వేదిక చేయించుకుంది. సమావేశాలు అందులోనే, పుస్తకాల దిద్దుబాట్లు అందులోనే, ఆమోదాలూ అందులోనే. రాణి కంప్యూటరులో, తెరమీద రాసి ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఉంది. అక్షరం కనబడితే చాలు, అది గడగడా చదివేస్తుంది. కానీ కలివిడి చేసినవాళ్లు బటన్లకు పేర్లు రాయలేదు, బొమ్మలు పెట్టారు. ఒకదానిమీద టిక్కు, ఒకదానిమీద ఇంటూ, ఒకదానిమీద ఎత్తిన చెయ్యి. బొమ్మ వెనకాల పేరేమీ దొరక్క స్క్రీన్ రీడర్ తనకు తెలిసినంతమటుకు చెప్పేది: ‘‘బటన్. బటన్. బటన్.’’

రాణి వరస గుర్తుపెట్టుకుంది. మొదటిది ఆమోదం, రెండోది తిరస్కారం, మూడోది మాట్లాడతానని చెయ్యెత్తడం. చాలాకాలం బండి అలాగే నడిచింది. ఇంతలో కంపెనీవారు ‘సరికొత్త రూపం’ పేరుతో బటన్లను అటూ ఇటూ జరిపారు. ఆ మంగళవారం సమావేశంలో పదో తరగతి సాంఘికశాస్త్రం బ్రెయిలీ ప్రతి ఆమోదానికి వచ్చింది. రాణి నిబ్బరంగా మొదటి బటన్ నొక్కింది. తెరమీద ‘తిరస్కరించడమైనది’ అని పడింది. గుంటూరు నుంచి లెక్కల అధికారిణి హైమవతి గొంతు సవరించుకుని, ‘‘రాణిగారూ, అది మీ పుస్తకమేనండీ’’ అంది.

తిరస్కరించిన పుస్తకం మళ్లీ సమావేశం ముందుకి రావాలి. బ్రెయిలీ పుస్తకాన్ని బ్రెయిలీ విభాగం లాగిన్‌లోంచే ఆమోదించాలి. పక్కవాళ్ల చేత బటన్ నొక్కించుకోవడం పరాయి చేత్తో సంతకం పెట్టించుకోవడంతో సమానమని పాత మెమో ఒకటి ఉంది. కాబట్టి నొక్కవలసింది రాణే. ఏ బటన్ ఏదో తెలియంది కూడా రాణికే.

క్రితం ఏడాది ఇదే పుస్తకం దసరా సెలవులు అయ్యాక గానీ పిల్లలకు చేరలేదు. అంతవరకూ ఒక్కో హాస్టలులో పిల్లలందరూ కలిసి ఒకే పాత ప్రతిని తడుముకున్నారు. ఎన్నో చేతులు పడి దాని చుక్కలు అరిగి, స్వాతంత్ర్యోద్యమం ఉన్న పేజీలు తెల్ల కాగితంలా నున్నగా అయిపోయాయి. ఈసారి బడులు తెరిచేనాటికి కొత్త పుస్తకం చేతికివ్వాలని రాణి పట్టుదల.

మర్నాడు కంపెనీ ఇంజనీరు జిలానీకి ఫోన్ చేసింది. నెమ్మదస్తుడు. ఇబ్బంది ఏమిటో చెప్పగానే అర్థం చేసుకున్నాడు. వరస నోటితో చెప్పినా లాభం లేదని, సరికొత్త రూపంలో అది ఏ రోజు ఎలా మారుతుందో తనకే తెలియదని ఒప్పుకున్నాడు.

‘‘పది నిమిషాల పని మేడమ్’’ అన్నాడు. ‘‘కానీ పైనుంచి మెయిల్ రావాలి. మెయిల్ లేకుండా నేను కామా కూడా పెట్టకూడదు.’’

పైన అంటే పరిషత్తు డైరెక్టర్ సర్వోత్తమరావుగారు. రాణి ఆయనకు రెండు ముక్కల్లో రాసింది. తెరమీద ఏముందో తనకు తెలియజెప్పే ఏర్పాటు కలివిడిలో లేదని మొదటి ముక్క. బటన్లకు పేర్లు పెట్టించవలసిందని రెండో ముక్క. మొదటి ముక్క చదవగానే సర్వోత్తమరావుగారి మనసు కదిలిపోయింది. ఇక రెండో ముక్క చదివే స్థితిలో ఆయన లేరు.

ఆయన చెడ్డవారు కారు. అంతకు పదిరోజుల ముందే ఏదో పెద్ద హోటల్లో సమ్మిళితత్వం మీద సదస్సుకు వెళ్లి, శాలువాతోనూ సంకల్పంతోనూ తిరిగొచ్చారు. ఆ సంకల్పాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియక అవస్థ పడుతున్న సమయంలో ఈ ఉత్తరం అందింది. వెంటనే అధికారులను పిలిచి, మన దార్శనికతలోనే దృష్టిలోపం ఉందన్నారు. అనేసి, ఆ మాట సభామర్యాదకు సరిపోయిందో లేదో అని కాసేపు ఆలోచనలో పడ్డారు. సాయంత్రానికి ఉత్తర్వు వెలువడింది.

‘కలివిడి తెరపై గోచరమగు సమస్త వ్యక్తులు, వస్తువులు, చరాచరములు ప్రతి సమావేశమునకు పూర్వము సంపూర్ణముగా, నిష్పాక్షికముగా, గౌరవప్రదముగా వర్ణింపబడవలెను. వర్ణన అసంపూర్ణమైనచో సమావేశము చెల్లనేరదు.’

రాణి దాన్ని స్క్రీన్ రీడర్ చేత రెండుసార్లు చదివించుకుంది. ఎక్కడా బటన్ అన్న మాట లేదు. డైరెక్టరుగారికి ఫోన్ చేసి, ఇదంతా ఎందుకండి, బటన్ల పేర్లు చెబితే చాలునండి అని విన్నవించుకుంది.

‘‘తక్కువతో తృప్తిపడకూడదమ్మా’’ అన్నారాయన ఆర్ద్రంగా. ‘‘మీ వర్గాన్ని ఆ మనస్తత్వం నుంచి బయటికి తీసుకురావడమే ఈ ఉత్తర్వు పరమార్థం.’’

ఉత్తర్వు ప్రకారం జరిగిన తొలి సమావేశంలో ఎవరిని వారు వర్ణించుకోవలసి వచ్చింది. సర్వోత్తమరావుగారు ముందుగా ఆదర్శంగా నిలిచారు. తాను మంచి ఎత్తరినని, నిండైన విగ్రహమని, విశాలమైన ఫాలభాగం ఉందని తెలియజేశారు. దీనిమీద హైమవతి ఒక వివరణ కోరింది. లెక్కల మనిషి కాబట్టి హద్దులు తెలియకుండా ఏ అంకెనూ ఆవిడ ఒప్పుకోదు.

‘‘ఫాలభాగం ఎంతవరకు సార్?’’ అంది. ‘‘వెనక మెడదాకా అదేనా, మధ్యలో ఎక్కడైనా జుట్టు మొదలవుతుందా? రికార్డులో ఉండాలి కదండీ.’’

ఆ చర్చ చాలాసేపు నడిచింది. ఫాలభాగమన్నది పదవితోపాటు విస్తరించే అవకాశం ఉన్న ప్రాంతమని, ప్రస్తుతానికి హద్దులు నిర్ణయించడం తొందరపాటవుతుందని తీర్మానించారు. తరవాత వంతు హైమవతిది. తాను ముప్పైల్లో ఉన్నానని చెప్పుకుంది. రెండేళ్లలో రిటైరవుతున్న మనిషి ముప్పైల్లో ఎలా ఉంటుందని డైరెక్టరుగారు తన వంతుగా వివరణ కోరారు. నిజం చెప్పాలంటే రాణికి ఆ పూట పసందుగా గడిచింది. ఎన్నో ఏళ్లుగా కలిసి పనిచేస్తున్నవాళ్ల గురించి ఇన్ని సంగతులు ఎప్పుడూ వినలేదు. ఇంతలో ఆవిడ వంతు వచ్చింది.

‘‘మా అమ్మ నన్ను చామనఛాయ అంటుందండి. మా అత్తగారు నలుపంటుంది. నేను ఎవరి పక్షమూ కాదండి’’ అంది రాణి.

ఆ వాంగ్మూలం పరస్పర విరుద్ధంగా ఉన్నదని నమోదైంది. గెజిటెడ్ అధికారి ఎవరైనా ఆవిడను స్వయంగా పరిశీలించి రూపాన్ని ధ్రువీకరించాలని డైరెక్టరుగారు ఆదేశించారు. వేళ మించిపోవడంతో పుస్తకం సంగతి వచ్చే సమావేశానికి వాయిదా పడింది.

రాజమండ్రి కార్యాలయానికి దగ్గర్లో గెజిటెడ్ అధికారి అంటే కింది అంతస్తులో ఉన్న పశువైద్యాధికారి ఒక్కడే. రాణి వెళ్లి, విషయం చెప్పి, కూర్చుంది. ఆయన చాలా ఇబ్బందిపడ్డాడు. జీవితంలో ఎన్నో ధ్రువపత్రాలు ఇచ్చాడు గానీ, ఇచ్చేటప్పుడు ఎదుటి ప్రాణి ఇలా ‘థాంక్సండీ’ అని ఎన్నడూ అనలేదు. అయినా అలవాటైన పద్ధతిలోనే రాసిచ్చాడు: వర్ణం కపిలం. కళ్లవెంట నీరు లేదు. నడక సవ్యం. గుర్తింపు చిహ్నం ఎడమ చెవి కింద పుట్టుమచ్చ. స్వభావం సాధు.

పై అయిదింటిలో ఆఖరిదానిమీద ముద్రణాలయంలో భిన్నాభిప్రాయాలు వచ్చాయి గానీ, పరిషత్తు మాత్రం పత్రాన్ని స్వీకరించింది.

ఎవరిని వారే వర్ణించుకుంటే నిష్పాక్షికత లోపిస్తోందని ఈలోగా డైరెక్టరుగారు గ్రహించారు. పరిషత్తులో వర్ణనాధికారి అనే పదవి ఏర్పడింది. అందులోకి పరాంకుశంగారిని తీసుకున్నారు. ఆయన రిటైరైన తెలుగు పండితులు. పద్దెనిమిది రకాల వర్ణనలుంటేనే కావ్యమని నమ్మిన మనిషి. కాలేజీలో పాఠం చెప్పినన్నాళ్లూ పిల్లలు ఆయన మొహం కన్నా గంట వేపే ఎక్కువ చూశారు. చేరిన రోజు రాణికి ఫోన్ చేసి కుశలం కనుక్కుని, గద్గదంగా ఒక మాట చెప్పారు.

‘‘అమ్మా, ఇన్నేళ్ల తరవాత నా వర్ణన పూర్తయ్యేదాకా ఎవరూ లేచి వెళ్లకూడదని ప్రభుత్వమే ఉత్తర్వు వేసింది. నీ ధర్మమా అని.’’

 ఆయన మీద కోపం తెచ్చుకోవడం కుదరదని రాణికి అర్థమైంది.

రెండో సమావేశంలో పరాంకుశంగారు డైరెక్టరుగారి గది వర్ణనతో మొదలుపెట్టారు. సదస్సు శాలువా దగ్గర కాస్త ఆగి, జరీ అంచును ఉదయభానుడి కిరణాలతో పోల్చి, ముందుకు సాగారు. శాలువాకు దక్కిన గౌరవం విని మిగతావాళ్లకు ఆశ పుట్టింది. ఆ వారంలోనే అధికారులందరి వెనకా గోడలు మారిపోయాయి. ఒకాయన చేపల తొట్టె పెట్టించుకున్నాడు. ఇంకొకాయన నెమలి ఈకలు తగిలించాడు. హైమవతి తన వెనక ఏమీ పెట్టనంది. ఖర్చు దండగంది. కానీ మూడో సమావేశంలో ఆవిడ వెనక గోడమీద తనంతట తానే ఒక బల్లి వచ్చింది.

బల్లి కింద అంచు నుంచి బయల్దేరి ట్యూబులైటు వేపు నడుస్తోంది. ఉత్తర్వులో చరాచరములు అని ఉంది కనుక వర్ణించక తప్పదని డైరెక్టరుగారు అభిప్రాయపడ్డారు. పరాంకుశంగారు అందుకున్నారు. దాని నడకలోని మందగమనాన్నీ, తోకలోని వంపునూ, పురుగుమీద నిలిపిన ఏకాగ్రతనూ ఒక్కొక్కటిగా వినిపించారు. పురుగు ఎగిరిపోయినప్పుడు ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.  తరవాత బల్లి ట్యూబులైటు వెనక్కి వెళ్లింది, తోక కొస మాత్రం బయట ఉంది.

ఇప్పుడు బల్లి గోచరమా, అగోచరమా? గోచరమైతే వర్ణన అసంపూర్ణం, సమావేశం చెల్లదు. అగోచరమైతే ఆ తోక ఎవరిది? చీపురు తెచ్చి తోలేస్తానని హైమవతి లేచింది. వర్ణన జరుగుతుండగా వర్ణ్యవస్తువును తోలడం సాక్ష్యాన్ని తారుమారు చేయడమేనని డైరెక్టరుగారు వారించారు. బల్లి రెండోవేపు నుంచి బయటికి వచ్చేదాకా నిరీక్షించాలని నిర్ణయమైంది. దానికి తొందరేమీ లేదు. సమావేశం వాయిదా పడింది. పుస్తకం కూడా.

రాణికి ఇక లోపల మంట మొదలైంది. ఎండాకాలం సెలవులు సగం గడిచిపోయాయి. ఇలా పోతే ఈ ఏడాదీ పిల్లలు ఆ నున్నటి పేజీలే తడుముకోవాలి. రాణి ఆలోచించి, పరాంకుశంగారికి ఫోన్ చేసింది. ఎన్నో వర్ణించారు కదా గురువుగారూ, దయచేసి ఆ బటన్లను కూడా ఒకసారి వర్ణించి పుణ్యం కట్టుకోండి అంది. ఫలానాది వర్ణించమని ఒక మనిషి కోరి అడగడం ఆయన జీవితంలో అదే మొదటిసారి. వారంరోజులు ఇంట్లోంచి కదల్లేదు. ఆయన రాసింది డైరెక్టరుగారి ఆమోదం పొంది, పైనుంచి మెయిల్‌గా మారి, జిలానీకి చేరింది. జిలానీ దాన్ని ఉన్నదున్నట్టు బటన్ల వెనక పెట్టాడు.

రాణి కలివిడి తెరిచి మొదటి బటన్ దగ్గరికి వెళ్లింది. స్క్రీన్ రీడర్ ఒక్క క్షణం తటపటాయించి, మొదలుపెట్టింది.

‘‘దానిమ్మ పూవన్నె దేహముతో, నున్నని అంచులతో, చూచువారి చిత్తమున ఒకింత జంకు పుట్టించుచు, లోన రెండు శ్వేతరేఖలు పూర్వవైరము కలవానివలె ఒకదాని నొకటి ఖండించుకొనుచుండగా...’’

అలా సాగింది. సూర్యోదయం వచ్చింది. సముద్రం వచ్చింది. ఇంకా ఏవేవో వచ్చాయి. రాణి లేచి మంచినీళ్లు తాగి వచ్చి కూర్చున్నాక, ‘‘...విరాజిల్లు బటన్’’ అని ముగిసింది. రెండోది చిగురుటాకు వన్నెది. దాని లోపల రాజహంస ఒకటి మెడ వంచి ఉంది. మూడోదానిలో అయిదు కొమ్మల కల్పవృక్షం ఉంది.

‘‘గురువుగారూ, ఆ హంస ఉన్నదేనా ఆమోదించే బటన్?’’ అని ఫోన్‌లో అడిగింది రాణి.

‘‘అది నాకెలా తెలుస్తుందమ్మా’’ అన్నారు పరాంకుశంగారు నొచ్చుకుంటూ. ‘‘ఉత్తర్వులో రూపం వర్ణించమని ఉంది. ప్రయోజనం నా పరిధిలోది కాదు.’’

జిలానీని అడిగితే, హంసంటే టిక్కు గుర్తేనని, నిశ్చింతగా నొక్కవచ్చని చెప్పాడు. రాణికి ప్రాణం లేచివచ్చింది. హంసను మనసులో పెట్టుకుని నాలుగో సమావేశానికి కూర్చుంది. ఆ రోజు గోడలమీద బల్లులు లేకుండా ముందే చూసుకున్నారు. వర్ణనలు నిర్విఘ్నంగా ముగిశాయి. సాంఘికశాస్త్రం ఆమోదానికి వచ్చింది. రాణి హంస దగ్గరికి వెళ్లి, వర్ణన మొదలవగానే నొక్కింది. ఏమీ జరగలేదు. మళ్లీ నొక్కింది. అప్పుడు సాయానికని సమావేశంలో కూర్చున్న జిలానీ చిన్నగొంతుతో అసలు సంగతి చెప్పాడు. వర్ణనను పూర్తిగా వినకుండా బటన్ నొక్కడం వర్ణనాధికారిని అగౌరవపరచడమని డైరెక్టరుగారు భావించారట. అందుకని ఆ ఉదయమే, వర్ణన ఆఖరి అక్షరం దాకా వింటే తప్ప బటన్ పనిచేయకుండా మార్పించారట.

రాణి విన్నది. చిగురుటాకు విన్నది, తుషారబిందువు విన్నది, వసంతం విన్నది. హంస మానససరోవరం మీదుగా దిగుతూ ఉండగా కలివిడి నుంచి ఒక చిన్న గంట మోగింది. నిర్ణీత సమయంలోగా ఎవరూ ఏ బటనూ నొక్కనందున అంశం ముగిసిందని ప్రకటన వచ్చింది.

‘‘చాలా సంతోషమండి డైరెక్టరుగారూ’’ అంది రాణి. ‘‘మీ అందరి సహకారానికీ కృతజ్ఞురాలినండి. ఇంతటి భాగ్యం ఎవరికి దక్కుతుందండి.’’

రాజమండ్రి ముద్రణాలయం అయిదు నిమిషాల్లో ఖాళీ అయింది.

బడులు తెరవబోయే ముందు ఇక ఒక్క సమావేశమే మిగిలింది. ఆ రోజు మధ్యాహ్నం ఆకాశం మూసుకుని, ఈదురుగాలి మొదలై, కృష్ణ నుంచి గోదావరి దాకా కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి. విజయవాడలో కరెంటు పోయింది. గుంటూరులో పోయింది. రాజమండ్రిలోనూ పోయింది. ఇంటర్నెట్టూ వాటితోపాటే పోయింది. సమావేశం వచ్చే నెలకు వాయిదా పడిందని చెప్పడానికి సర్వోత్తమరావుగారు రాణికి సెల్‌ఫోన్ చేశారు. గాలికి ఫైళ్లు ఎగిరిపోతున్నాయని, తలుపులన్నీ మూయించి చీకట్లో కూర్చున్నామని దిగులుగా చెప్పారు.

రాణికి ఆ మాట వింటుంటే ఒకటి తట్టింది. ‘‘ఒక్క నిమిషం లైన్లోనే ఉండండి సార్’’ అని, హైమవతిని ఆ కాల్‌లోకి కలిపింది. పరాంకుశంగారిని కలిపింది. చేపల తొట్టె ఆయన్నీ, నెమలి ఈకల ఆయన్నీ, జిలానీని కూడా కలిపింది. ఎవరి చీకట్లో వాళ్లు కూర్చుని పలికారు.

‘‘అందరం ఉన్నాం కదండీ. సమావేశం జరిపేద్దామండి’’ అంది రాణి.

డైరెక్టరుగారు ఉలిక్కిపడ్డారు. వర్ణన లేకుండా సమావేశం ఎలా చెల్లుతుందన్నారు. తాను సంతకం చేసిన ఉత్తర్వును తానే ఉల్లంఘిస్తే రేపు సమాధానం చెప్పవలసింది తానేనన్నారు. అది కొత్త ఉత్తర్వుకైనా దారితీయవచ్చు అన్నారు. అప్పుడు రాణి, వర్ణనాధికారి వారి అభిప్రాయం తీసుకుందామండి అంది.  పరాంకుశంగారికి ఈ పదవి తప్ప వేరే ఆనందం లేదని ఆవిడకు తెలుసు. వర్ణన అక్కర్లేదని ఆయన నోటితో ఆయనే ఎందుకంటారు?

పరాంకుశంగారు గాలి హోరును మించి గొంతు పెంచారు. 

‘‘గోచరమగు సమస్తమూ వర్ణింపబడవలెనని కదా ఉత్తర్వు’’ అన్నారు. ‘‘నాకు ఈ ఫోన్‌లో ఏదీ గోచరం కావడం లేదు. వర్ణించడానికి ఏమీ లేదు కాబట్టి వర్ణన సంపూర్ణం. కానివ్వండి.’’

సమావేశం మొదలైంది. హైమవతి కాగితం ఖర్చు చెప్పింది, అందరూ సరేనన్నారు. పదో తరగతి సాంఘికశాస్త్రం పిలిచారు. ‘‘ఆమోదిస్తున్నానండి’’ అంది రాణి. అంతే. వేడినీళ్లు కాగేంతసేపు కూడా పట్టలేదు. పరిషత్తు చరిత్రలో ఇంత త్వరగా ముగిసిన సమావేశం లేదు. ముగిసిందని ఎవరికీ నమ్మకం కుదరక కాసేపు అలాగే ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు.

అంత సులువుగా ముగియడం సర్వోత్తమరావుగారికి మింగుడుపడలేదు. మౌఖిక ఆమోదం తదుపరి నమోదుకు లోబడి చెల్లుబాటవుతుందని ప్రకటించి, ఒక్క షరతు పెట్టారు. మామూలు పుస్తకంలో ముందుమాట పక్కన తన ఫోటో ఉంటుంది. చూపున్న పిల్లలకు దక్కేది చూపులేని పిల్లలకు దక్కకపోవడం వివక్ష. కనుక బ్రెయిలీ పుస్తకంలో ఆ ఫోటోకు సంపూర్ణ వర్ణన ఉండాలి. నిజానికి ప్రతి పాఠం మొదట్లోనూ ఉంటే బాగుంటుందన్నారు. రాణి బతిమాలి, బెల్లించి, ముందుమాట వరకు ఒప్పించింది. పరాంకుశంగారికి మళ్లీ పని దొరికింది. ఫోన్ పెట్టేసేటప్పుడు ఆయన గొంతు తేటపడింది.

ఒక్క అచ్చుపేజీ బ్రెయిలీలో రెండు మూడు పేజీలవుతుంది. వర్ణన అయితే చెప్పక్కర్లేదు. పుస్తకం కొంచెం లావెక్కింది. కానీ బడులు తెరిచిన వారంలోనే కట్టలు కట్టి హాస్టళ్లన్నిటికీ పంపేశారు. ముద్రణాలయంలో మొదటి ప్రతి చేతికొచ్చినప్పుడు రాణి స్వాతంత్ర్యోద్యమం ఉన్న పేజీ తీసి, నిక్కి నిలబడ్డ చుక్కలమీద రెండుసార్లు వేళ్లు నడిపించి, పక్కన పెట్టింది.

గాలివానలోనూ ఆగకుండా పనిచేసిన ఆన్‌లైన్ వేదికగా కలివిడికి ఎక్కడో అవార్డు వచ్చింది. డైరెక్టరుగారు వెళ్లి ఇంకొక శాలువా తెచ్చుకున్నారు. బటన్లకు పేర్లు పెట్టమనే మెయిల్ జిలానీకి నేటికీ రాలేదు. ఆ తరవాత మాత్రం ప్రతి సమావేశం రోజునా రాజమండ్రిలో కరెంటు పోవడం మొదలైంది. కొన్నాళ్లకు గుంటూరులోనూ పోసాగింది. ఆకాశంలో మబ్బు లేకపోయినా పోయేది. అలా కరెంటు లేని రోజుల్లో పరిషత్తు ఎన్నో పుస్తకాలు పూర్తిచేసింది.

శ్రావణంలో ఒకనాడు విజయనగరం వేపు నుంచి పైడితల్లి అనే పదో తరగతి పిల్ల ఫోన్ చేసింది. కొత్త పుస్తకం వెనక ఉన్న నంబరు తడిమి చేశానంది. పుస్తకం బాగుందా అని రాణి అడిగింది.

‘‘చాలా బాగుందండి. మొదటి పాఠం అయిపోయిందండి మేడమ్’’ అంది పైడితల్లి. ‘‘సర్వోత్తమరావుగారి పాఠం. అందరం అప్పజెప్పేసినాం. విశాలమైన ఫాలము, సింహము వంటి నడుము, ఏనుగు తొండాల వంటి చేతులు, భుజమ్మీద బంగారు వస్త్రం. అంతా వచ్చీసింది. కానండి, ఆయన ఏ వంశమో పుస్తకంలో లేదండి. కాకతీయులేటి, గజపతులేటి? మా టీచరుకీ తెల్దంట.’’

రాణి ఫోన్ కాస్త దూరంగా పట్టుకుని, నవ్వంతా మింగుకుని, ఆయన ఏ రాజవంశానికీ చెందినవారు కాదని, పరిషత్తువారని చెప్పింది.

‘‘పరిషత్తు వంశం’’ అని పైడితల్లి పక్కవాళ్లకు చెప్పడం వినబడింది. ‘‘మరి వాళ్ల పరిపాలన ఎప్పటినుంచి ఎప్పటిదాకానండి?’’

‘‘ఇంకా నడుస్తూనే ఉందమ్మా’’ అంది రాణి.

అవతల పైడితల్లి బ్రెయిలీ పలకమీద సూదితో ఆ సంగతి పొడుచుకుంటున్న టకటక చప్పుడు కాసేపు వినిపించింది.